కాగితంలో విజిల్ మాట లేదు

పన్ను పీకించుకున్నందుకు ఎవరైనా కూర్చుని రాస్తారా అని మా కోడలు మంజుల నవ్వింది. "పెద్ద పెద్ద ఆపరేషన్లు అయినోళ్ళే సప్పుడు చెయ్యకుంట ఉంటరు మామ. నువ్వు దౌడపన్నుకు పుస్తకం రాస్తున్నవా?" అంది.

నవ్వనీ. పెద్ద ఆపరేషన్ అయినవాడి మంచం చుట్టూ పదిమంది చేరతారు. ఏం తినాలి, ఎలా పడుకోవాలి అన్నీ చెబుతారు. పన్ను పీకించుకున్నవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. పన్నే కదా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను, అనుకున్నందుకు బాగా అనుభవించాను. ఇప్పుడు నొప్పి పోయింది. బుద్ధి మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. అది ఆరిపోకముందే రాసిపెడితే ఇంకొకరికైనా పనికొస్తుంది.

నా పేరు సాయిలు. రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర ఒక ఆఫీసు టవర్‌కు గేటు సెక్యూరిటీని. వయసులో ఉన్నప్పుడు ఇక్కడి గుట్టల్లోనే రాయి కొట్టాను. గుట్టలు పోయాయి, అద్దాల బిల్డింగులు వచ్చాయి. నేను మాత్రం ఎక్కడికీ పోలేదు. సుత్తి పక్కన పెట్టి విజిల్ పట్టుకున్నాను, అంతే తేడా.

నా పని ఊపందుకునేది సాయంత్రం. బేస్‌మెంటులోంచి కార్లన్నీ ఒక్కసారిగా పైకి వస్తాయి. బయట రోడ్డు మీద క్యాబులు, బస్సులు, బైకులు ఆగకుండా పోతుంటాయి. ఈ రెండింటి మధ్య నేనూ, నా విజిలూ. పొడుగ్గా ఒకటి ఊదితే రోడ్డు ఆగాలి. తెంపి తెంపి రెండు ఊదితే గేటులో ఉన్న కారు కదలాలి. చెయ్యి ఊపితే ఎవడూ చూడడు, అందరి కళ్ళూ ఫోన్లలో ఉంటాయి. చెవులు మాత్రం మూసుకోలేరు కదా.

ఇంట్లో ఈ విజిల్‌కు ఏ మర్యాదా లేదు. కొడుకు శ్రీను క్యాబ్ నడుపుతాడు. మంజుల మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేస్తుంది. ఇద్దరిదీ ఒకటే మాట: ఇక చాలు, ఇంట్లో కూర్చో. పోయిన ఎండాకాలం గేటు దగ్గర కళ్ళు తిరిగి ఒకసారి కూలబడ్డాను. అప్పుడు శ్రీను నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇంకోసారి ఒంట్లో బాగాలేక డ్యూటీ ఆగిందంటే యూనిఫాం విడిచి పెట్టేయాలి. ఆ వేళకు బయటపడితే చాలని సరే అన్నాను.

కొత్తగూడలో మా సందు నిండా నా ఈడువాళ్ళు ఉన్నారు. గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పొద్దంతా వచ్చేపోయేవాళ్ళను చూస్తుంటారు. మొదటి ఏడు పలకరిస్తారు, రెండో ఏడు చూస్తారు, ఆ తర్వాత అదీ ఉండదు. నాకు చావంటే పెద్ద భయం లేదు. ఆ కుర్చీ అంటే ఉంది.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని పిచ్చిపనిలా కనిపిస్తుంది. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. గేటు దగ్గర రిజిస్టరు రాయాల్సి వచ్చి, యాభై దాటాక నేర్చుకున్నాను. అప్పుడే కాపురానికి వచ్చిన మంజుల తోటకూర తెంపుతూ, ఆ కాడలనే వంచి నేల మీద పెట్టి అక్షరాలు చూపించింది. చిన్నప్పుడు చదువుకున్నవాళ్ళు కాగితాన్ని పైపైన చూసి పారేస్తారు. ఆలస్యంగా నేర్చుకున్నవాడు అలా కాదు. రాసి ఉన్నదాన్ని దేవుడి మాటలా పట్టుకుంటాడు. రాసి లేనిదాన్ని అసలు లేదనే అనుకుంటాడు.

మృగశిర కార్తె

మృగశిర నాడు చేపలు వండని ఇల్లు మా దగ్గర ఉండదు. మంజుల పొద్దున్నే పోయి బొచ్చె చేప తెచ్చి, చింతపండు పులుసు పోసి వండింది. నా కుడివైపు కింది దౌడపన్ను చాన్నాళ్ళ కిందటే పుచ్చింది. లవంగం అదిమిపెట్టుకుంటూ, ఎడమవైపు నములుతూ దాన్ని లాక్కొస్తున్నాను. ఆ రోజు పులుసు రుచిలో పడి మరిచిపోయాను. ముల్లు ఒకటి సరిగ్గా ఆ పుచ్చులో దిగింది. మింగలేను, ఉమ్మలేను. ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

"ఏమైంది మామ? కారమైందా?"

తల అడ్డంగా ఊపాను.

"కారం కాదు, పాడు కాదు," అన్నాడు శ్రీను. "పన్ను. ఎన్ని దినాలనుంచి ఒక్క దిక్కే నములుతుండు, నేను సూస్తలేనా?"

"రేపు దవాఖానకు పోదాం," అంది మంజుల.

ముద్ద ఎలాగో మింగాను. "రేపు డ్యూటీ ఉన్నది."

"డ్యూటీ నీకా, నీ పన్నుకా?"

తెల్లారేసరికి చెంప ఉబ్బింది. అలాగే గేటుకు పోయాను. నాతోపాటు గేటు చూసే యాదగిరి నన్ను అటుతిప్పి ఇటుతిప్పి చూసి, "ఏందన్నా, లడ్డు చెంపల దాచుకొచ్చినవు? మాకు పెట్టవా?" అన్నాడు. నవ్వబోతే చెవి దాకా లాగింది. ఆ మధ్యాహ్నమే మంజుల హాస్టల్ వంట ముగించుకుని గేటు దగ్గరికే వచ్చి నన్ను ఆటో ఎక్కించింది.

కొత్తగూడ చౌరస్తాకు దగ్గర్లోనే పళ్ళ దవాఖాన, కింద మందుల షాపు, పైన వాళ్ళు. బయట కూర్చున్నవాళ్ళంతా పడుచు పిల్లలే. పళ్ళు వరుసగా రావాలని నోట్లో తీగలు కట్టించుకున్నవాళ్ళు. ఒళ్ళో ల్యాప్‌టాప్, మెడలో కంపెనీ కార్డు. పన్ను ఊడబెరుక్కోవడానికి వచ్చింది నేనొక్కణ్ణే. లోపల్నుంచి మిషన్ చప్పుడు వినిపించింది. రాయికి బొక్క వేసే మిషన్ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇదీ అదే, గొంతు చిన్నది, అంతే. మందుగుండు పెట్టి బండలు పేల్చినవాణ్ణి, ఆ చిన్న గొంతుకు చేతులు చల్లబడ్డాయి. మంజుల గమనించింది. ఏమీ అనకుండా తన సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని.

డాక్టరమ్మ చిన్న వయసుది. గోదావరి వైపు మాట. లోపలికి పోగానే లేచి నిలబడింది. నన్ను చూసి డాక్టర్ లేచి నిలబడడం నా జీవితంలో అదే మొదలు.

"తాతగారూ, వాపు ఉండగా తీస్తే మీకే ఇబ్బందండి. మందులు రాస్తాను, తగ్గాక రండి. అప్పటిదాకా లవంగాలూ అవీ కుక్కకండి."

"నీకెట్ల తెలుసు కుక్కిన్నని?"

"ఇక్కడి దాకా వాసన వస్తోందండి," అని నవ్వింది.

తొలకరి

వాన మొదలైన వారంలో డాక్టరమ్మ పన్ను తీసింది. ఆ పని గురించి రెండు మాటలు రాయకపోతే నాకు తృప్తి ఉండదు.

సూది పొడిచినప్పుడు చీమ కుట్టినట్టు ఉంది. కాసేపటికి సగం పెదవి నాది కాకుండా పోయింది. ఆమె సన్నటి చేతులు చూసి, ఇంత గట్టి దౌడపన్నును ఇవి ఎలా తీస్తాయి అనుకున్నాను. తీసింది. ఒక్కసారి కూడా గుంజలేదు. రాయి కొట్టేవాడు కూడా బలం చూపించడు. బండ ఎక్కడ చీలుతుందో వెతుక్కుంటాడు, అక్కడ ఉలి పెడతాడు, ఓపిక పడతాడు. తొందరపడ్డవాడి రాయి ముక్కలవుతుంది. ఆమె కూడా పన్నును అటు కొంచెం, ఇటు కొంచెం కదుపుతూ, దానితో మాట్లాడుతున్నట్టే పని చేసింది. "నొప్పేస్తే చెయ్యెత్తండి" అంది. చెయ్యెత్తే అవసరం రాలేదు.

"అయిపోయిందండి."

చూపించింది. రెండు కాళ్ళ పన్ను, లోపలంతా నల్లగా. ఇన్నాళ్ళు నా తిండి తిని నన్నే కాల్చుకుతిన్నది అదేనా అనిపించింది.

గుంత మీద దూది పెట్టి కొరికి పట్టుకోమంది. "అక్కడ నెత్తురు గడ్డ కడుతుందండి. అదే మీకు కట్టు. బయటి నుంచి మేం వేసేది ఏమీ లేదు. అది కదలకుండా చూసుకుంటే చాలు, మిగతా పని ఒళ్ళే చేసుకుంటుంది," అంది. తర్వాత తెలుగులో అచ్చు వేసిన కాగితం తీసి, ఒక్కొక్కటే చెప్పబోయింది. నోట్లో దూది ఉంది కాబట్టి మాట్లాడలేను. కాగితం చేతిలోంచి తీసుకుని, నా గుండె మీద వేలు పెట్టి చూపించాను, నాకు చదువు వచ్చు అని. ఆమె ముఖం వెలిగింది. "అయితే ఇంకేం, చదువుకోండి" అని ఆపేసింది. చదువొచ్చని చూపించుకోవాలన్న ఆ కాస్త గొప్ప లేకపోతే, ఆమె ఇంకో రెండు మాటలు చెప్పేదేమో. నా పనేంటో అడిగేదేమో.

ఇంటికి వచ్చి వేలు పెట్టి చదివాను. గంటసేపు దూది తీయకూడదు. ఉమ్మకూడదు. ఒక రోజు పుక్కిలించకూడదు. గొట్టంతో పీల్చి తాగకూడదు. వేడి పదార్థాలు తినకూడదు. పొగాకు ముట్టకూడదు. ఆ రోజు విశ్రాంతి తీసుకోవాలి.

అన్నీ పాటించాను. వీటిలో కష్టమైనది ఉమ్మకుండా ఉండడం. నోట్లోకి నెత్తురు వస్తే ఉమ్మడమే మాకు తెలిసింది. మింగడమంటే ఒళ్ళు జలదరించింది, అయినా మింగాను. తిన్నాక పుక్కిలించకుండా లేవడం కూడా మా ఇంట్లో లేదు. నీళ్ళచెంబు చేతిలోకి తీసుకుని, కాగితం గుర్తొచ్చి కింద పెట్టాను. మంజుల పొద్దున్నే చేసి చల్లార్చిన జావ పోసింది, పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టింది. గుడ్డలో ఐసు ముక్కలు కట్టి చెంపకు పెట్టమంది. హాస్టల్లో అంతమందికి వండి వచ్చి, మళ్ళీ నాకోసం ఇంకో రకం వండడం. నేనెన్నడూ అడగలేదు, ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు.

రెండో రోజు హాయిగా ఉంది. మూడో రోజు యూనిఫాం వేసుకున్నాను.

"ఎక్కడికి మామ?"

"డ్యూటీకి."

"ఇంకో రెండు దినాలు ఆగరాదు?"

"కాగితం సూడు. విశ్రాంతి ఆ ఒక్క రోజే అని ఉన్నది."

"కాగితం నిన్ను సూసి రాసిండ్రా? అందరికి కలిపి రాసిండ్రు."

"రాసింది రాసిందే," అన్నాను. లోపలి మాట వేరు. ఇంకో రెండు రోజులు ఆగితే శ్రీను మాట గుర్తు చేస్తాడు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి. బేస్‌మెంటులోంచి కార్లు వరుసకట్టి హారన్లు కొడుతున్నాయి. యాదగిరి నడి రోడ్డులో రెండు చేతులూ ఊపుతున్నాడు. వాన నీళ్ళు నిండి వాడి విజిల్ గుర్రుగుర్రుమంటోంది, పలకడం లేదు. ఎవడూ ఆగడం లేదు. కాసేపు చూశాను. చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. జేబులోంచి విజిల్ తీసి, ఊపిరంతా బిగబట్టి పొడుగ్గా ఒకటి ఊదాను.

రోడ్డు ఆగింది. మొదటి కారు కదిలింది. అదే ఊపులో చీకటి పడేదాకా ఊదాను. గేటు ఖాళీ అయ్యాక చూసుకుంటే నోట్లో ఉప్పగా, ఇనుము నాకినట్టు రుచి. దౌడలో ఏదో ఖాళీ అయినట్టు అనిపించింది. నాలుక పెట్టి చూడబోయి, వద్దులే అని మానుకున్నాను.

అసలు నొప్పి

మర్నాడు మధ్యాహ్నం మొదలైంది. పుచ్చిన పన్ను నొప్పి నాకు తెలుసు, పన్ను తీసినప్పటి సలుపూ తెలుసు. ఇది ఆ రెండూ కాదు. ఎముకను ఎవరో గోటితో గీకుతున్నట్టు. దౌడ నుంచి చెవిలోకి, చెవి నుంచి కణతకు పాకింది. గాలి పీలిస్తే గుంతలో చల్లగా కోసినట్టు అయ్యేది. నోట్లోంచి నాకే వాసన తెలుస్తోంది. ఇచ్చిన మాత్ర వేసుకుంటే కాసేపు పక్కకు తప్పుకునేది, మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఇంట్లో చెప్పలేదు. చెబితే కుర్చీయే.

యాదగిరికి మాత్రం చెప్పాను. "జర తంబాకు నలిచి ఆ బొక్కల పెట్టన్నా. మా తాత గట్లనే చేసేటోడు," అన్నాడు.

"మీ తాతకు తగ్గిందా?"

"తగ్గకముందే సచ్చిపోయిండు గని, అది వేరే జబ్బు."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తంబాకు వద్దని కాగితంలో ఉంది కాబట్టి పెట్టలేదు. ఆ కాగితమే నన్ను ముంచిందని తర్వాత అన్నాను గానీ, అక్కడ కాపాడింది కూడా అదే.

మూడు పూటలు దాచగలిగాను. నాలుగో పూట మంజుల గిన్నె చూసింది. పెరుగన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"మామ, ఇటు సూడు. నోరు తెరువు."

"ఏం లేదు."

"నోరు తెరువు అంటున్న."

తెరిచాను. ఆమె వెనక్కి జరగలేదు, ముక్కు మూసుకోలేదు. అంత వాసనలో దగ్గరికి వంగి చూసింది. తర్వాత లేచి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఒక్కసారిగా అరిచింది. "ఎన్ని దినాలైంది గిట్ల? పెద్దమనిషివి, గిట్ల దాసుకుంటవా? నేనేమన్న పరాయిదాన్నా?"

ఆ అరుపుకు శ్రీను వచ్చాడు. సంగతి విన్నాడు. "అయిపోయింది నాయినా. మాట ఇచ్చినవు. యూనిఫాం తీసి పెట్టేయి," అన్నాడు. వాడు కోపంగా అన్నా బాగుండేది, మెల్లగా అన్నాడు. నేను గోడ మీది మేకుకు తగిలించిన చొక్కా జేబు తడుముకున్నాను. విజిల్ లేదు.

"మీరిద్దరు మాట్లాడుతుంటె నేనే తీసిన," అంది మంజుల. "ఎక్కడ పెట్టిన్నో అడగకు."

మళ్ళీ ఆ మెట్లు

దవాఖానలో ఆ రోజు బెంచీలన్నీ నిండిపోయాయి. నేను గోడకు ఆనుకుని, చెంప అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను. లోపలికి పిలిచింది నోట్లో తీగలున్న ఒక అమ్మాయిని. ఆమె ల్యాప్‌టాప్ మూసి, నాలుగడుగులు వేసి, నన్ను చూసి ఆగింది. "తాతా, నాది తీగ బిగించుడే. మీరు పోండ్రి," అంది. అటు ఫోన్‌లో ఎవరితోనో, మీటింగుకు ఆలస్యంగా వస్తానని చెబుతూ మళ్ళీ కూర్చుంది. ఆ పిల్ల పేరు కూడా నాకు తెలియదు. మా టవర్‌లోనే పనిచేస్తుందేమో అని ఇప్పటికీ ప్రతి కారులో చూస్తుంటాను.

డాక్టరమ్మ చూడగానే, "అయ్యో, గడ్డ పోయిందండి. ఎముక పైకి తేలింది. ఏం చేశారు తాతగారూ?" అంది.

నేను జేబులోంచి ఆ కాగితం తీశాను. మడతలు పడి, వానకు తడిసి ఆరి ఉంది. "అన్ని పాటించిన డాక్టరమ్మా. సూడుండ్రి. ఉమ్మలే, పుక్కిలించలే, తంబాకు ముట్టలే."

"మరి ఇంకేం చేశారు? పనికి వెళ్ళారా?"

"పోయిన. ఒక్క రోజే విశ్రాంతి అని రాసి ఉన్నది."

"మీ పనేంటండి?"

"గేటు దగ్గర. విజిల్ ఊదుడు."

ఆమె చేతిలోని అద్దం అలాగే ఆగిపోయింది. "విజిలా?"

"విజిలే. కాగితంల విజిల్ మాట లేదు," అన్నాను గట్టిగానే. నేను తప్పు చేయలేదని ఒక్కరైనా ఒప్పుకోవాలి కదా.

మంజుల నా వెనక నుంచి, "అబ్బా, మామ" అని నుదురు కొట్టుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. కాగితం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. తను రాయించిన కాగితాన్నే, కొత్తగా చదువుతున్నట్టు.

"నిజమేనండి, లేదు," అంది. "ఊదకుండా ఉన్నా కొందరికి ఇలా అవుతుంది. కానీ అంత గట్టిగా ఊదితే గడ్డ నిలవడం కష్టం. పీల్చకూడదని రాశాను గానీ, ఊదకూడదని రాయలేదు. మీ పనేంటో ముందే అడగాల్సింది నేను."

పెన్ను తీసి ఆఖరి వరుస కింద రాసింది. తలకిందులుగా ఉన్నా చదివాను: విజిల్, బూర లాంటివి ఊదకూడదు.

నేను చాలామంది పెద్దవాళ్ళ కింద పనిచేశాను. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, సూపర్‌వైజర్లు. తప్పు కిందివాడి మీదికి జారడమే చూశాను గానీ, పైవాళ్ళు దాన్ని చెయ్యి చాచి అందుకోవడం చూడలేదు. నొప్పిలో ఉన్నాను, అయినా ఆ వరుస చూసి సగం నొప్పి మరిచిపోయాను.

మిగతా సగం మందు పోగొట్టింది. గుంతను కడిగి, లవంగం వాసన వేసే మందులో ముంచిన సన్నటి గుడ్డ అందులో పెట్టింది. నేను ఇంట్లో కుక్కుకున్న లవంగమే, చదువుకుని వచ్చినట్టు ఉంది. కుర్చీలోంచి లేచేలోపే చెవిలోని పోటు దిగిపోయింది. ఆ నొప్పి మొదలయ్యాక మొదటిసారి భుజాలు కిందికి జారాయి.

పోయేముందు అడగకుండా ఉండలేకపోయాను. "ఇగ ఎన్నటికి ఊదొద్దా?"

"ఎప్పటికీ అని కాదండి. గుంత పూడేదాకా. నేను చెప్పేదాకా."

మంజుల వైపు చూశాను. ఆమె కిటికీలోంచి ఫ్లైఓవర్ చూస్తోంది.

కుర్చీ

ఆ తర్వాతి రోజుల్లో కొన్నిసార్లు పోయి మందుగుడ్డ మార్పించుకోవడం, ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు నోట్లో మెల్లగా తిప్పి వదిలేయడం, మెత్తటి తిండి. పనికి పోవడం లేదు. శ్రీను గుమ్మం ముందు ఒక కుర్చీ వేశాడు. వాడి మనసులో చెడు లేదు, గాలి వస్తుందని వేశాడు. నేను అందులో కూర్చున్నాను. ఎదురింటి ముందు కూర్చున్న ముసలాయన నన్ను చూసి, కొత్త చుట్టం వచ్చినట్టు సంతోషంగా చెయ్యి ఊపాడు. తిరిగి ఊపడానికి నా చెయ్యి లేవలేదు.

ఒక మధ్యాహ్నం మంజుల నా పక్కన గడప మీద కూర్చుని గోంగూర తెంపుతోంది. నేనే మొదలుపెట్టాను.

"ఈసారి గేటు దగ్గర నేను పడిపోలే. పన్ను పోయింది, గంతే. గదానికి పని మాన్పిస్తరా?"

"పన్నుకు ఎవరు మాన్పిస్తుండ్రు?"

"మరి విజిలెందుకు దాసినవు?"

ఆమె ఆకు తెంపడం ఆపింది. "నువ్వు నొప్పి దాసినవు గదా, అందుకే. నొప్పి అయితే నొప్పి అను మామ. హాస్టల్ల పిల్లలు గింత జ్వరమొస్తె అక్కా అని నా దగ్గరికి వస్తరు. ఒక్క ఇంట్ల ఉండి నువ్వు చెప్పకపోతివి. రేపు గుండెల నొచ్చినా గిట్లనే దాస్తవు, పనికి పోనియ్యరని. నాకు గదే భయం. నీ విజిల్‌తోని నాకేం పగ?"

కుర్చీ తప్పించుకోవడానికి దాచాను. దాచినందుకే కుర్చీలో పడ్డాను. ఇంత చిన్న లెక్క నాకెందుకు అందలేదో.

"ఇగ దాయ," అన్నాను.

"మాట?"

"కావాలంటే రాసిస్త."

"నీ రాతలు వద్దు తీయ్. మాట చాలు." మళ్ళీ గోంగూర అందుకుంది. శ్రీనుతో ఎప్పుడు మాట్లాడిందో, ఏమని ఒప్పించిందో నాకు తెలియదు. ఆ వారమే నాకు వినబడేలా వాడు, "డాక్టరమ్మ పొమ్మంటె పోనీ. నొప్పొస్తె మాత్రం చెప్పాలె," అన్నాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నా ముఖం చూసి నవ్వేవాడు.

బోనాల నెల

సందులో డప్పులు మొదలయ్యాక ఆఖరిసారి చూపించుకోవడానికి పోయాం. డాక్టరమ్మ చిన్న అద్దం నోట్లో పెట్టి, పెద్ద అద్దం నా చేతికిచ్చి చూడమంది. ఎముక కనిపించడం లేదు. గుంత అడుగు నుంచి లేత గులాబీ రంగు కండ పైకి వచ్చింది. అంచులు దగ్గరికి జరిగాయి.

"ఎవరు పోసిండ్రు గిదంత?" అన్నాను.

"ఎవరూ పోయలేదండి. మీ ఒళ్ళే."

మేం గుట్టల్లో తవ్విన గుంతలు వాటంతటవి ఎప్పుడూ పూడలేదు. వాననీళ్ళు నిండి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి, టిప్పర్లతో మట్టి పోస్తేగానీ నిండలేదు. ఇక్కడ ఏ టిప్పరూ రాలేదు. ముసలి ఒళ్ళు, నేను తిట్టుకుంటూ కూర్చున్న ఆ కుర్చీలోనే, చప్పుడు లేకుండా తన పని తాను చేసుకుపోయింది. ఒకసారి చెడగొట్టినా అలగకుండా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇంత ఓపికగల పనివాణ్ణి నేను ఏ మేస్త్రీ దగ్గరా చూడలేదు.

"ఇక ఊదుకోండి తాతగారూ," అంది డాక్టరమ్మ. "మొదట్లో మెల్లగా."

బయటికి వచ్చాం. మంజుల మందుల షాపులో ఏదో అడగాలని కిందికి పోయింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. పక్కన నా ఈడు ఆడమనిషి ఒకామె, అప్పుడే పన్ను తీయించుకుని, దూది కొరికి పట్టుకుని ఉంది. చేతిలో ఆ కాగితమే. కాసేపు కాగితాన్ని, కాసేపు నన్ను చూసి, నా వైపు చాచింది. చదవడం రాదని కళ్ళతోనే చెప్పింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. చాలా ఏళ్ళు నేనూ అలాగే చూశాను.

వేలు పెట్టి చదివాను. గంటసేపు దూది తీయకూడదు. ఉమ్మకూడదు. ఒక రోజు పుక్కిలించకూడదు. ఆమె ఒక్కొక్కదానికీ తల ఊపింది. కాగితం కొత్తది, అచ్చు కొత్తది. ఆఖరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. చేతిరాత కాదు, అచ్చే. విజిల్, బూర లాంటివి ఊదకూడదు.

గొంతు సవరించుకుని, అన్నిటికన్నా గట్టిగా చదివాను.

ఆమె తల ఊపలేదు. పళ్ళ మధ్య దూది కదలకుండా, "నేనెందుకు ఊదుత విజిలు?" అంది.

"అట్లనకక్కా. పనిచేసే మనిషికి ఎప్పుడు ఏది ఊదాలనిపిస్తదో చెప్పలేం. ఊదకు, గంతే."

అప్పుడే మంజుల మెట్లెక్కి వచ్చింది. కొంగు ముడి విప్పి, నా విజిల్ తీసింది. పాత తాడు లేదు, కొత్త ఎర్రతాడు కట్టి ఉంది. వేడినీళ్ళతో కడిగినట్టుంది, మెరుస్తోంది. "ఇగో మామ, ఈడ మాత్రం ఊదకు," అంటూ నా అరచేతిలో పెట్టింది.

పక్కనున్న ఆమె విజిల్‌ను చూసింది. కాగితాన్ని చూసింది. నన్ను చూసింది. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. చెంప చేత్తో అదుముకుంటోంది, కళ్ళల్లో నీళ్ళు వస్తున్నాయి, ఆపుకోలేకపోతోంది.

"నవ్వకక్కా," అన్నాను. "కాగితంల లేదు గని, నవ్వకు."